రహదారి సందేహాలు: పాస్ ఉన్నా టోల్ ఎందుకు కట్టయింది?

ప్రశ్న: కారుకు 3,000 రూపాయలతో ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకున్నాం. విజయవాడ దారిలో పైసా పోలేదు. కరీంనగర్ వెళ్తే దుద్దెడ, రేణికుంట టోల్‌గేట్లలో డబ్బు కట్టయింది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదా అంతే. తిరిగి వస్తుందా?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: రాదండీ. వాళ్లు తప్పుగా పట్టుకున్నది కాదది. రోడ్డు ఎవరిదో చూడాలి. 2025 ఆగస్టు 15న మొదలైన ఈ పాస్ జాతీయ రహదారులకు, జాతీయ ఎక్స్‌ప్రెస్‌వేలకే చెల్లుతుంది. విజయవాడ దారి 65వ నంబరు జాతీయ రహదారి. సిద్దిపేట మీదుగా రామగుండం పోయే రాజీవ్ రహదారి మాత్రం రాష్ట్రానిది, ఒకటో నంబరు రాష్ట్ర రహదారి. నాలుగు వరసలకు పెంచే ఖర్చంతా ఖజానా నుంచి పెట్టకుండా, ఉమ్మడి రాష్ట్రంలోనే దాన్ని బీఓటీ పద్ధతిలో ఇచ్చారు. అంటే కంపెనీ అప్పు తెచ్చి రోడ్డు వేస్తుంది, ఒప్పందం గడువు తీరేదాకా టోల్ వసూలు చేసుకుంటుంది, తర్వాత ప్రభుత్వానికి అప్పగిస్తుంది. మీరు కేంద్రానికి కట్టిన పాస్ డబ్బు ఆ కంపెనీకి చేరదు. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డుదీ ఇదే పద్ధతి.

ఔటర్ కథ వేరు. 158 కిలోమీటర్ల ఈ రోడ్డు హెచ్‌ఎండీఏది, అంటే హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థది; జాతీయ రహదారి కాదు కాబట్టి ఇక్కడా పాస్ చెల్లదు. 2023లో 7,380 కోట్లకు ఒక ప్రైవేటు కంపెనీకి 30 ఏళ్ల లీజుకిచ్చారు. ఇక్కడ ఎక్కిన ఇంటర్‌చేంజ్ నుంచి దిగిన చోటిదాకా దూరాన్ని బట్టి టోల్. అందుకే ఎక్కేటప్పుడు ట్యాగ్ రీడ్ కాకపోతే అక్కడే సిబ్బందికి చెప్పి నమోదు చేయించుకోండి. లేదంటే ఎక్కడ ఎక్కారో దిగే చోట తేలక పేచీ వస్తుంది.

పాస్‌కు కట్టిన సొమ్ము ఫాస్టాగ్ వాలెట్‌లో (మామూలు టోల్ కట్టయ్యే ఖాతాలో) పడదు. పాస్ ఉంది కదా అని వాలెట్ ఖాళీగా ఉంచితే దుద్దెడలో ఆగాల్సిందే. ట్రిప్పుల లెక్క కూడా గుర్తుంచుకోండి: విజయవాడ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా రానుపోను దాటితే రెండు ట్రిప్పులు. 200 ట్రిప్పులు, ఏడాది, ఏది ముందైతే అంతటితో పాస్ అయిపోతుంది. ఎక్కువగా కరీంనగర్‌కే తిరిగేవాళ్లకు ఈ పాస్ దండగ. ఆ మాట రాష్ట్ర రహదారుల టోల్‌గేట్ల ముందు పెద్ద తెలుగు అక్షరాల్లో రాసిపెట్టాలి.

జాతీయ రహదారి మీద కట్టయితే మాత్రం ఊరుకోకండి. ఎస్సెమ్మెస్‌లో టోల్‌ప్లాజా పేరు చూసుకుని జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. ట్యాగ్ బండి నంబరు మీద కాక ఛాసిస్ నంబరు మీదే ఉంటే పాస్ ఇవ్వరు, ముందు బ్యాంకులో నంబరు మార్పించుకోవాలి.