పాడించే ముందు రాయించుకో

చిన్నా,

ఒకే రిడిమ్ మీద, అంటే ఒకే వాయిద్యాల ట్రాక్ మీద, పదిమంది చేత వేర్వేరు పాటలు పాడించి జమైకా వాళ్ల డాన్స్‌హాల్ సంగీతంలో ఆల్బమ్ తెస్తున్నావట, అందుకు అక్కడి కింగ్‌స్టన్ వెళుతున్నావట. మీ అమ్మ ఫోన్‌లో ఒకటే టెన్షన్. అక్కడి గొడవల గురించి ఏదో చదివిందట. నాకు ఆ భయం లేదు. లండన్‌లో రెగే రికార్డుల దుకాణంలో లెక్కలు రాస్తూ జమైకా వాళ్ల మధ్యే బతికినదాన్ని. నా భయమల్లా కాగితాల గురించే.

మిగతావి నీకు తెలుసు. ట్రాక్‌లో గొంతులకు చోటు వదులు. పల్లవులు ఒకదాన్నొకటి పోలకుండా చూడు. డాన్సుల్లో రికార్డులు వేసే సెలెక్టర్ల కోసం ఉత్త వాయిద్యాలతో ఒక వెర్షన్ ఉంచు.

ఇక అసలు సంగతి. మా దుకాణానికి సరుకిచ్చే నిర్మాత ఒకాయన ఉండేవాడు. చాలా మంచివాడు. ఒక కుర్రాడు కీబోర్డు మీద కట్టిన రిడిమ్ తీసుకుని, దాని మీద ఊళ్లో గొంతున్న వాళ్లందరి చేతా పాడించాడు. కుర్రాడి చేతిలో కొంత డబ్బు పెట్టి భుజం తట్టాడు, అంతే. లేబుల్ మీద వాడి పేరు లేదు. ఒక పాట క్లబ్బుల్లో అందుకుంది. పెద్ద కంపెనీ ఒకటి తమ సంకలనంలో వేసుకుంటామని వచ్చి, ట్రాక్ ఎవరిదని అడిగింది. ఈయన నాదన్నాడు, కుర్రాడు నాదన్నాడు, పాడినావిడ మాటలూ బాణీ నావంది. ముగ్గురిదీ నిజమే! పంచాయితీ తెమిలేలోగా వేసవి అయిపోయింది, కంపెనీ మరో పాట చూసుకుంది. ముగ్గురి ఫోన్లూ ఎత్తింది నేనే. ఆ కుర్రాడు మాత్రం తిట్టేవాడు కాదు, ఏమైందని అడిగి పెట్టేసేవాడు. నీ వయసే ఉంటుంది వాడికి.

ఒకే రిడిమ్ మీద ఆల్బమ్‌లు కొత్తేం కాదులే. జమైకా నిర్మాత రూపీ ఎడ్వర్డ్స్ 1974లోనే ‘యమహా స్కాంక్’ తెచ్చాడు. 1985లో ఊపేసిన స్లెంగ్ టెంగ్ రిడిమ్ కాసియో ఎంటీ-40 కీబోర్డులో ముందే ఉన్న బీటు. దాన్ని తయారుచేసింది ఒకుదా హిరోకో అనే జపాన్ అమ్మాయి. ఆ పాటలకు చిందులేసిన వాళ్లలో ఆమె పేరు ఎంతమందికి తెలుసంటావు? సిస్టర్ నాన్సీ 1982లో స్టాలాగ్ రిడిమ్ మీద పాడిన ‘బామ్ బామ్’ లోకమంతా మోగింది, ఆవిడకు రావలసిన డబ్బు మాత్రం దశాబ్దాల పాటు రాలేదు. లెంకీ అనే నిర్మాత కట్టిన, మన పండగ పేరే పెట్టుకున్న దివాలీ రిడిమ్ సంగతీ చూడు. దాని మీద షాన్ పాల్ పాట 2003లో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. వేన్ వండర్ పాటకూ అదే ట్రాక్. నీ పదిమందిలో ఎవరి పాట పట్టుకుంటుందో ముందే చెప్పలేవు కాబట్టి, అందరితోనూ మైకు ముందుకు రాకముందే రాయించుకో: ట్రాక్ ఎవరిది, మాటలెవరివి, ఎవరికెంత వాటా. ట్రాక్ కట్టినవాడి పేరు లేబుల్ మీద వెయ్యి. ఫ్రెండే కదా అని వదిలేశావో, నీ చెవి మెలేస్తాను.

నాలుగేళ్ల వయసులో మా ఇంట్లో స్పీకరుకి చెవి ఆనించి నిద్రపోయేవాడివి. మీ అమ్మ తిట్టేది, నేను సౌండు కాస్త తగ్గించేదాన్ని.

ఒప్పందం డ్రాఫ్టు శుక్రవారం లోపు పంపు. నా కళ్లద్దాలు మారాయి, అక్షరాలు కాస్త పెద్దగా ఉండనీ.

ప్రేమతో,
పెద్దమ్మ