శీనుకి, చిక్కుడు గింజలతో పాటు

ఒరే శీనూ,

నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, ఆ తర్వాత ఇంటి గ్రూపులో నువ్వు పెట్టిన ఫోటో చూశాను. గంటస్తంభం దగ్గర అద్దె ఇంటి మేడ మీద ఇరవై నాలుగు గ్రో బ్యాగులు! చిన్నప్పుడు సెలవులకి కవిటి వచ్చి, మా దొడ్లో కాపుకొచ్చిన వంగమొక్క పీకి మీ అన్నతో కత్తియుద్ధం చేసినవాడివి నువ్వు. ఆ ఫోటో మీ పెదనాన్నకి నాలుగుసార్లు చూపించాను, నాలుగోసారి "చూశానే" అని విసుక్కున్నారు, అయినా ఆ కళ్లజోడు మాత్రం తియ్యలేదు.

ఇంటివాళ్లని అడిగే పెట్టావు కదా? బరువంతా మేడ మధ్యలో పెట్టకు, గోడల వారగా సర్దు. నీళ్లు కిందింటి వాళ్ల మీద కారకుండా చూసుకో. పేడ ఎరువు పచ్చిది వెయ్యకు. ఇవి ఎవరైనా చెబుతారు, నేను ఉత్తరం రాస్తున్నది వీటికోసం కాదు.

నాలుగు విత్తనాల గ్రూపుల్లో చేరావట, పదిహేడు రకాలు అడిగావట. అందులో ఒక గ్రూపులో నేనూ ఉన్నానని నీకు తెలీదు, నా పేరు కనిపించదు, మందార పువ్వు బొమ్మ ఉంటుంది చూడు, అది నేనే. గుంటూరు నుంచి ఒకాయన నీకు నేతిబీర, తెల్ల వంగ పంపారు. అందాయా అని మూడు రోజుల తర్వాత ఆయనే నిన్ను అడగాల్సి వచ్చింది. నువ్వేం చేశావు? బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నావు. అది చూసి ఆ రాత్రి నాకు అన్నం సయించలేదంటే నమ్ముతావా. ఆయన గింజలు ఎండబెట్టి, పుచ్చులు ఏరి, పొట్లం కట్టి, పోస్టాఫీసుకి నడిచి వెళ్లి, తన డబ్బుతో స్టాంపు అంటించి పంపాడురా. నువ్వు ఆయనకి చుట్టానివా, పక్కానివా?

తప్పు నీ ఒక్కడిదే అనను. మన ఇళ్లల్లో థాంక్స్ చెప్పుకునే అలవాటు లేదు. మా అమ్మ జీవితంలో ఆ మాట అనలేదు. ఎవరైనా సాయం చేస్తే "చల్లగుండు నాయనా" అనేది, అంతే. కానీ ఆవిడకి ఇంకో లెక్క ఉండేది. పక్కింటి నుంచి పులుసో పచ్చడో గిన్నెతో వస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే చారెడు పంచదారైనా వేసి పంపేది, అదీ లేని రోజుల్లో రెండు జీడిపప్పు పలుకులు. ఉద్దానంలో పుట్టినవాళ్లం కదా, పంచదారకి కరువున్నా జీడిపప్పుకి లేదు. ఆ గిన్నె లెక్క నా ఒంట్లోనూ ఉంది, అదే నా కొంప ముంచింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందు చిన్నవి. కవరు అందిన రోజే "అందాయి" అని చెప్పు, ఆ మనిషికే విడిగా చెప్పు. గ్రూపులో మూడు వందల మంది ఉంటారు, ఒక్కొక్కరూ దండాల బొమ్మ పెడితే అసలు ప్రశ్న ఎక్కడో పైకి పోతుంది, పెద్దవాళ్లకి వెతుక్కోవడం రాదు. పోస్టు ఖర్చు ఎంతయిందో అడిగి పంపు, విత్తనాలకి మాత్రం ధర కట్టి ఫోన్‌పే చెయ్యకు, నొచ్చుకుంటారు. ఇంకా మంచి పద్ధతి ఏంటంటే నీ అడ్రసు రాసి స్టాంపు అంటించిన కవరు ముందే వాళ్లకి పంపడం, మా రోజుల్లో అందరం అదే చేసేవాళ్లం. నువ్వు పంపేటప్పుడు గింజల్ని రెండు అట్టముక్కల మధ్య పెట్టు, లేకపోతే పోస్టాఫీసులో ముద్ర గుద్దే దెబ్బకి పిండి అయిపోతాయి. కవరు ఫోటో గ్రూపులో పెట్టకు! దాని మీద వాళ్ల ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఉంటాయి. ఒంటరిగా ఉండే ఆడవాళ్లు చాలామంది విత్తనాలు పంపుతారు, ఇలా ఫోటో పెట్టిన పాపానికి ఒకావిడకి రాత్రిళ్లు పిచ్చి ఫోన్లు వచ్చాయి. ఇది మాత్రం మరిచిపోతే నిజంగా చెవి మెలేస్తాను.

ఆ తర్వాతది ముఖ్యం. పంపినవాడికి "ధన్యవాదాలు సార్" కంటే "పది వేస్తే ఏడు మొలిచాయి సార్" అన్న మాట ఎక్కువ సంతోషం. ఏమీ మొలవకపోయినా చెప్పు. మొహమాటపడి "బాగున్నాయండీ" అంటే, ఆయన ఆ పాత గింజలే ఇంకో పదిమందికి పంపుతాడు, వాళ్లందరికీ సీజను పోతుంది. మొదటి కాయ కోసినప్పుడు ఫోటో పెట్టి, విత్తనం ఎవరిచ్చారో కూడా రాయి. వచ్చే ఏడాది ఇంకెవడో కొత్తవాడు నీకొచ్చిన సందేహమే అడుగుతాడు, అప్పుడు ఓపిగ్గా జవాబు చెప్పు.

ఇప్పుడు నా సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస వైపు తీరం దాటింది. నువ్వు అప్పుడు హైదరాబాదులో ఉన్నావు, రోజూ ఫోన్ చేసేవాడివి, ఇక్కడ ఫోన్లు పనిచేస్తే కదా. పొద్దున్న తలుపు తీస్తే దొడ్డి లేదు. కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా పడున్నాయి, మా మామగారు వేసిన జీడిచెట్లు వేళ్లతో సహా పైకి లేచాయి. చిక్కుడు పందిరి ఎగిరి బావిలో పడింది. కరెంటు ఎన్నో రోజులు లేదు. అది వచ్చి ఫోన్ ఛార్జింగ్ పెట్టుకున్నాక గ్రూపులో ఒక్క ముక్క రాశాను, "నా తోట పోయింది" అని. అంతే. పదిహేను మంది విత్తనాలు పంపారు. నా జన్మలో వాళ్ల మొహం చూడలేదు. వాళ్లలో తెనాలి ఆవిడ పంపిన కవరు ఇప్పటికీ బీరువాలో ఉంది. తొమ్మిది చిన్న పొట్లాలు, ఒక్కోదానిలో ఒక చీటీ, నీలం సిరా. ఆనప గింజల చీటీలో "పొట్టి గుండ్రం, లేతగా కోయండి, మీ దొడ్డి మళ్లీ పచ్చబడుతుంది" అని రాసింది. ఆ చీటీ పట్టుకుని పడిపోయిన జీడిచెట్టు మొద్దు మీద కూర్చుని ఏడ్చాను.

ఆ ఆనప ఎంత బాగా కాసిందనుకున్నావు! ఫిబ్రవరికి పాదు ఆ పడిపోయిన చెట్ల మీదంతా అల్లుకుంది. పప్పులో వేస్తే వెన్న. నాకేమో లోపల గిన్నె లెక్క మొదలైంది, ఇంతమంది గిన్నెలు నా ఇంట్లో ఉండిపోయాయి, తిరిగి పంపాలి, నిండుగా పంపాలి. నాలుగు కాయలు పాదు మీదే ముదరనిచ్చి ఎండబెట్టాను, ఊపితే గలగలలాడేదాకా. 2019 జూన్‌లో పదిహేను మందికీ పొట్లాలు కట్టి పంపాను, తెనాలి ఆవిడకైతే రెండింతలు. ఆ రోజు పోస్టాఫీసు నుంచి వస్తుంటే ఒళ్లు తేలికైనట్టుంది. ఆ తేలిక కోసమే పంపాను రా, ఇప్పుడు తెలుస్తోంది.

మా వెనక వీధిలో ఒకరు విత్తనాలు దాచుకునే బుర్రల కోసం చేదు ఆనప పెంచుతారు. కంచె మీదే ఉండేది, నాకు తెలుసు, రోజూ చూస్తూనే ఉన్నాను. ఆనప పువ్వు సందె వేళ తెల్లగా విచ్చుకుంటుంది, రాత్రి పురుగులు ఆ పాదు మీంచి ఈ పాదు మీదకి తిరుగుతాయి. అలా చేదు పుప్పొడి పడినా, ఆ ఏడాది కాయ తియ్యగానే ఉంటుంది, ఎందుకంటే కండ తల్లి మొక్కది. తేడా వచ్చేది లోపలి గింజలో. ఆ గింజ మొలిచి కాసే కాయలో చేదు బయటపడుతుంది. నేను తిన్న కాయలన్నీ తియ్యగా ఉన్నాయి కదా అన్న ధీమాతో ఆ గింజలు పంపేశాను.

సెప్టెంబరులో తెనాలి ఆవిడ దగ్గర్నుంచి మెసేజి, గ్రూపులో కాదు, నాకే. "అక్కా, మీరు పంపిన ఆనప చేదు వచ్చింది. మా ఆయన పారెయ్యడం ఇష్టం లేక కూర తినేశారు. రాత్రంతా వాంతులు, ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. మిగతావాళ్లకి పంపి ఉంటే చెప్పండి." ఇంతే. ఒక్క కోపం మాట లేదు. అరవై దాటిన మనిషి, నేను చేసిన మేలుకి ఆస్పత్రి పాలయ్యాడు. చేదు ఆనప తినకూడదు, రసం అసలే తాగకూడదు. ప్రాణాల మీదకి వచ్చిన కేసులున్నాయి, భారత వైద్య పరిశోధన మండలి వాళ్లు కూడా హెచ్చరించారు. అది నాకు అప్పుడు తెలీదు.

ఇక్కడిదాకా తెలియక చేసినది. ఆ తర్వాత చేసినది తెలిసి చేశాను. మిగతా పద్నాలుగు మందికి చెప్పకుండా నాలుగు రోజులు ఊరుకున్నాను. సిగ్గు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకి మొక్కల పాఠం చెప్పినదాన్ని, ఏ మొహంతో చెప్పను? ఫోన్ తీస్తాను, రెండు ముక్కలు టైపు చేస్తాను, చెరిపేస్తాను. వాళ్లకి ఇంకా కాయలు వచ్చి ఉండవులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నాలుగో రోజు రాత్రి మీ పెదనాన్న నిద్రలేచి, "ఎవరైనా చచ్చిపోతే అప్పుడు రాస్తావా" అన్నారు. అప్పటికప్పుడు రాశాను. ఐదు నిమిషాల్లో ఒకరి జవాబు వచ్చింది, "ఇవాళే కోసి ఫ్రిజ్‌లో పెట్టామమ్మా, రేపు పొద్దున్న జ్యూస్ చేద్దామనుకున్నాం". ఆ మాట చదివాక నా చేతులు ఎంతసేపు వణికాయో. ఇప్పటికీ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు ఒక్కోసారి గుర్తొస్తుంది.

తర్వాత తెనాలి ఆవిడ గ్రూపులో ఒక పెద్ద మెసేజి పెట్టింది, ఆనప విత్తనం ఎలా దాచాలో. నా పేరు ఎక్కడా లేదు. ఆ ఆదివారం వీడియో కాల్ చేసి నాచేత చేయించింది కూడా. మధ్యాహ్నం మూడు నాలుగింటికి, ఆ సాయంత్రం విచ్చుకోబోయే మొగ్గలు చూసుకోవాలి. ఆడ మొగ్గకి కింద చిన్న పిందె ఉంటుంది, మగదానికి సన్న కాడే. రెండింటికీ కాగితం సంచి తొడగాలి. సందె వేళ మగపువ్వు తుంపి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాసి, మళ్లీ సంచి తొడిగి, ఆ కాడకి రంగు దారం కట్టాలి. ఆ దారం ఉన్న కాయే విత్తనానికి. నా మొదటి మూడు పువ్వులూ రాలిపోయాయి. "రాలనీ అక్కా, రేపు మళ్లీ పూస్తాయి" అంది ఆవిడ.

అందుకని నీకు చెప్పేది, ఎవరైనా నీకు ఏదైనా ఇస్తే గబగబా తీర్చేసుకోవాలని కంగారుపడకు. ఆ గుంటూరు ఆయనకి మొక్కల పెరుగుదల చెబుతూ ఉండు, ఏడాది పట్టనీ. నువ్వు పంపినదానిలో తేడా వస్తే ఆ పూటే చెప్పెయ్యి, తెల్లారేదాకా ఆగకు, నీ పరువు గురించి ఆలోచించకు. ఆనప, దోస ఏదైనా వండేముందు చిన్న ముక్క నోట్లో పెట్టి చూడు, చేదుంటే ఉమ్మేసి కాయ పారెయ్యి, ఎంత కష్టపడి పెంచినా సరే. నువ్వు పిసినారివి, నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

ఈ కవరులో చిక్కుడు గింజలు పంపుతున్నాను. భయపడకు, చిక్కుడు తన పువ్వులో తనే కట్టుకుంటుంది, పక్కదానితో పెద్దగా కలవదు. ఆషాఢంలో వేస్తే రథసప్తమికి ఆకులూ కాయలూ ఉంటాయి, మీ అమ్మ అరసవల్లి వెళ్లలేకపోయినా ఇంట్లోనే నీ చిక్కుడాకుల మీద పరమాన్నం పెట్టి సూర్యుడికి నైవేద్యం ఇస్తుంది. ఆనప గింజలు మాత్రం ఇప్పుడు అడగకు. నిన్న సాయంత్రం రెండు పువ్వులకి ఎర్రదారం కట్టాను. అవి నిలిచి కాయ ముదిరితే, ఆ గింజలు ముందు నేను వేసి, నేను వండుకు తిని, ఆ తర్వాత నీకు.

గుంటూరు ఆయనకి ఇవాళ రాత్రిలోపు రెండు ముక్కలు రాయి. మందార పువ్వు చూస్తూ ఉంటుంది.

పొట్లంలో పదకొండు గింజలున్నాయి. ఎన్ని మొలిచాయో చెప్పు.

మీ పెద్దమ్మ,
కవిటి