24 వేల కిట్టు కొనాల్నా, చింతగింజలు ముందటేసుకోవాల్నా?

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్‌మిల్లుల లెక్కలు రాస్తడు, జీతం 26 వేలు. నేను ఇంట్ల మిషన్ కుట్టి ఆరు వేల దాకా సంపాదిస్త. పాపకు మూడున్నరేండ్లు, బాబుకు ఏడాదిన్నర. ప్లేస్కూల్ల ఏడాదికి 28 వేల ఫీజు అంటున్నరు. మొన్న ఒక ఏజెంట్ ఇంటికొచ్చి బొమ్మలు, కార్డులు, ట్యాబ్ అన్నీ కలిపి 24 వేల కిట్టు, నెలకు రెండు వేల చొప్పున ఏడాది కడ్తె చాలు, వడ్డీ లేదు, పైగా ట్యాక్స్ మిగుల్తది అన్నడు. వెయ్యి అడ్వాన్స్ ఇచ్చిన. ఇప్పుడు చిట్టి మధ్యల ఆపాల్నా, బంగారం కుదువ పెట్టాల్నా? పక్కింటి పిల్ల రంగుల పేర్లన్నీ ఇంగ్లీష్‌ల చెప్తది, మా పాప ఎనకవడ్తదేమోనని రాత్రి నిద్ర పడ్తలేదు.

జవాబు: చెల్లె, అడిగినదానికి ముందుగాల జవాబు చెప్పి తర్వాత లెక్కలకు పోత. చిట్టి ఆపొద్దు, బంగారం బయటికి తియ్యొద్దు, కిట్టు అసలే వద్దు. ప్లేస్కూల్ సంగతి వేరే, దాని లెక్క కూడ వేరే, కింద చెప్త.

మీరు రాసి పంపిన ఖర్చులన్నీ ఒక కాయితం మీద వేసి చూసిన. కిరాయి 5,500, సరుకులు పాలు కూరగాయలు కలిపి పది వేలు, గ్యాసు కరెంటు ఫోన్లు 2,200, పెట్రోలు 1,800, బండి ఈఎంఐ 2,900, చిట్టి మూడు వేలు, ఊర్ల అత్తమామలకు రెండు వేలు, మందులు, చిల్లర మల్లర 1,500. మొత్తం 28,900. వచ్చేది 32 వేలు కాబట్టి మిగిలేది 3,100. ఇప్పుడు దీంట్లకెళ్లి కిట్టుకు రెండు వేలు, ఫీజును నెలల మీద వేస్తె 2,333, ఆటోకు మీరు చెప్పిన 800, అన్నీ కలిపి 5,133. అంటె నెలనెలా రెండు వేల చిల్లర తక్కువ పడ్తది, ఆ తక్కువ పడేదాని కోసం బంగారం కుదువ పెట్టి దానికి మళ్ల వడ్డీ కట్టుడు, ఇదీ మీ ముందటున్న ప్లాను.

వడ్డీ లేదన్న మాట గురించి కూడ ఒక ముచ్చట. ఈ జీరో పర్సెంట్ వడ్డీ అనేది ఉండనే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లనే బ్యాంకులకు రాసింది, వడ్డీ ఎక్కడికీ పోదు, వస్తువు ధరలనో ప్రాసెసింగ్ ఫీజులనో దాగి ఉంటది. మీరు ఆ ఏజెంటుకు ఫోన్ చేసి "నగదు మొత్తం ఒక్కసారి ఇస్త, ఎంతకిస్తవు" అని ఉత్తగ అడిగి చూడుండ్రి, 24 వేల కంటె ఒక్క రూపాయి తక్కువ చెప్పినా ఆ తగ్గిన పైసలే మీరు కట్టబోయే వడ్డీ. ఇగ ట్యాక్స్ అంటరా, మీ ఆయన జీతం ఏడాదికి 3,12,000, దాని మీద ట్యాక్సే పడదు, లేని ట్యాక్స్ ఎట్ల మిగుల్తది.

నేను మీకు నీతులు చెప్తలేను, ఇండ్ల నేనూ మునిగినోన్నే. మా బిడ్డకు నాలుగేండ్లప్పుడు ఇట్లనే ఒకాయన వస్తె కార్డులు, సీడీలు కలిపి తొమ్మిది వేలు పెట్టి కొన్న, అవి ఇప్పటికీ సజ్జ మీద ఉన్నయి, సగం ఎలుకలు కొట్టినయి. ఆ ఎండకాలం పిల్లను దేవరకొండ దిక్కు మా అమ్మ దగ్గర ఇడిచిపెట్టినం. అమ్మ దానికి ఒక్కటే పని చెప్పింది, పొద్దుగాల లేవంగనే గంప లేపి కోళ్లు ఎన్ని గుడ్లు పెట్టినయో చూసి చెప్పాలె. నేను పోయిన రోజు అది ఉరుక్కుంట వచ్చి "నానా, అయిదు కోళ్లు, మూడే గుడ్లు, రెండు ఎగ్గొట్టినయి" అన్నది. తీసివేత అప్పటికి దానికి ఎవ్వరూ చెప్పలే. తొమ్మిది వేలు యాదికొచ్చి నా కడుపు మండింది.

మీ దగ్గర కోళ్లు లేకపోవచ్చు గని మీ ఇంట్ల మిషన్ ఉన్నది, మీకది కనపడ్తలేదు అంతే. మిషన్ కింద రోజూ పడే గుడ్డ పీలికలు ఊడ్చి పారేస్తరు కదా, వాటిని ఒక సంచిల వెయ్యుండ్రి. ఎర్రయన్నీ ఒక దిక్కు, పచ్చయన్నీ ఒక దిక్కు, గీతలున్నయి వేరే, పూలున్నయి వేరే అని పాపను కుప్పలు పెట్టమనుండ్రి. మీరు మిషన్ తొక్కుకుంటనే "ఎరుపు ఇయ్యి, రెడ్ ఇయ్యి" అని రెండు పేర్లూ అంటాంటె పది దినాలల్ల పక్కింటి పిల్ల చెప్పే రంగులు ఈ పిల్లకూ వస్తయి, పైగా లేతాకుపచ్చకు ముదురాకుపచ్చకు తేడా చెప్పే పిల్లయితది. రంగులైనంక కండ్లు మూసుకోని ముట్టి చెప్పుడు, ఇది పట్టు, ఇది కాటన్, ఇది వెల్వెట్ అని. ఇంకోటి, పాత పెండ్లి పత్రికలు గట్టి అట్టలాగ ఉంటయి చూడుండ్రి, దాని మీద చేపనో ఆకునో గీసి అంచు పొంటి పది పన్నెండు బొక్కలు మీరే పొడిచి, లావు దారం కొసకు గమ్ము రాసి ఆరబెడ్తె సూది లెక్క గట్టిగైతది, దాన్ని బొక్కలల్లకెళ్లి మీదికి కిందికి తియ్యమనాలె. ఒక అట్ట అయితందుకు పాపకు ఇరవై నిమిషాలు పడ్తది, మీకు అంతసేపట్ల ఒక చెయ్యి కుట్టుడు అయితది. గుండీలతోని కూడ ఇట్లనే కుప్పలు పెట్టించొచ్చు గని, వాటిని మాత్రం బాబు పడుకున్నప్పుడే తియ్యుండ్రి, ఏడాదిన్నర పిల్లగాడు ఏది దొరికినా నోట్లనే పెట్టుకుంటడు, గొంతుకు అడ్డం పడ్తె మన లెక్కలన్నీ దవఖాన పాలు.

చింతగింజలు కూడ గంతే, బాబుకు అందనియ్యొద్దు. చింతపండు గింజలు తీసేటప్పుడు ఒక యాభై దాపెట్టుండ్రి. మన అమ్మమ్మలు చేసినట్టు ఒక నాలుగు గింజలను బండకేసి రాకి ఒక దిక్కు తెల్లగ అయ్యేదాక అరగదియ్యాలె. వాటిని గుప్పిట్ల ఊపి కింద వేసి ఎన్ని తెల్లగ పడ్డయి, ఎన్ని నల్లగ పడ్డయి అని లెక్కవెట్టుడు. అష్టాచెమ్మ అంతా నేర్పాల్సిన పని లేదు, ఈ వయసుకు నాలుగు దాకా సరిగ్గ లెక్కవెడ్తె చాలు. తెల్లయి మూడు పడ్తె మూడు గడులు పోవాలె, ఒకసారి నీ వంతు ఒకసారి నా వంతు. వంతు వచ్చేదాక ఆగుడు నేర్చుకుంటది చూడుండ్రి, అది నాకైతె లెక్కల కంటె పెద్దగ కనపడ్తది, మా ఆఫీసుకొచ్చే పెద్దోళ్లకే రాదు.

గింజల మాట వచ్చింది కాబట్టి ఇది గట్టిగ చెప్తున్న, మన నల్లగొండ, పాలమూరు దిక్కు ఆముదాలు ఇంటింటికీ ఉంటయి, చూడనీకి నున్నగ చుక్కలు చుక్కలుగ మస్తుంటయి, గురివింద గింజలు ఎర్రగ ముద్దుగ ఉంటయి. ఈ రెండూ విషం. పిల్లల ఆటలకు వాటిని ఇంట్లకే తేవొద్దు.

పల్లికాయ ఒలుసుడు, చిక్కుడు గింజలు తీసుడు, చపాతి పిండిల చిన్న ముద్ద ఇస్తె పాములు, ఉండలు చేసుడు, ఇవన్నీ వేళ్లకు బలం, రేపు పెన్సిల్ పట్టేది ఆ వేళ్లే. గచ్చు మీద గిన్నెల నీళ్లు పోసి ఇచ్చి పాత సున్నం బ్రష్షుతోని రాయమంటె ఎండకు ఆరిపోతది, మళ్ల రాస్తది, మళ్ల ఆరిపోతది, కాయితం ఖర్చు కూడ లేదు. పొద్దుగాల వాకిట్ల మీరు ముగ్గు వేసేటప్పుడు పక్కన మూడు వరుసల్ల మూడేసి చుక్కలు పెట్టి ఇడువుండ్రి, దాని ఇష్టమొచ్చినట్టు కలుపుకుంటది. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కదా, సున్న వచ్చిన పిల్లకు "ర" ఎంత దూరం, మీద తలకట్టు పెడ్తె అయిపాయె. ఏబీసీడీలకు తొందర లేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడ మూడేండ్ల నుంచి ఎనిమిదేండ్ల దాకా ఆటపాటలతోనే చదువు అంటున్నది.

ట్యాబ్ గురించి రెండు మాటలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019ల చెప్పిందేందంటె ఈ వయసు పిల్లలు స్క్రీన్ ముందట రోజుకు గంట కంటె ఎక్కువ కూసోవద్దు, తక్కువైతె ఇంకా మంచిది, రెండేండ్ల లోపు పిల్లలకైతె అసలే వద్దు. ఆ గంటకు మీ ఆయన ఫోన్ చాలదా? స్టోరీవీవర్ అని ఒక వెబ్‌సైట్ ఉంటది, తెలుగు బొమ్మల కథలు ఉత్తగనే చదవొచ్చు, ఫోన్ పాప చేతికియ్యకుండ మీరు పట్టుకోని చదివి చెప్పుండ్రి.

నెలకోసారి బయటికి పోవాలనిపిస్తె మాల్‌ల ఆటల జోన్ ఎందుకు, నల్లగొండ పక్కన పానగల్లు ఛాయా సోమేశ్వర గుడికి తీసుకపోండ్రి. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ లేదు, ఆధార్ చూపెట్టి జీరో టికెట్ తీసుకుంటె మీరూ పాపా పోయొచ్చుడు ఫ్రీ, నల్లగొండ బస్టాండ్ నుంచి ఆటోకే ఖర్చు. ఆ గుడిల ఒక గర్భగుడిలోపట లింగం ఎనక గోడ మీద పొద్దంతా స్తంభం నీడ పడి ఉంటది, సూర్యుడు జరిగినా అది జరగదు. పాపకు బయట ఎండల తన నీడ చూపెట్టి లోపట ఈ నీడ చూపెట్టుండ్రి. రాత్రి ఇంటికొచ్చినంక లైట్లు తీసేసి ఫోన్ టార్చ్ గోడ మీద వేసి చెయ్యి టార్చ్ దగ్గరికి పెడ్తె నీడ పెద్దగైతది, దూరం పెడ్తె చిన్నగైతది, ఇగ ఆ రోజు నిద్రపోదు, అది మీ ఖర్మ. మహబూబ్‌నగర్ దిక్కు చుట్టాలుంటె పిల్లలమర్రి అనే పెద్ద మర్రిచెట్టు కూడ ఇసొంటిదే, ఊడలు లెక్కవెట్టుమంటె సాయంత్రం అయితది.

ఇప్పుడు ప్లేస్కూల్. దాన్ని చదువు ఖర్చు కింద రాయకుండ్రి, మీ కుట్టుపని ఖర్చు కింద రాయుండ్రి. పాప మూడు గంటలు లేకుంటె ఆ టైంల మీరెంత కుడ్తరు? మామూలు జాకెట్‌కు అన్ని ఖర్చులు పోను వంద మిగుల్తది అన్నరు. నెలకు 22 రోజులు రోజుకు ఒకటి ఎక్కువ కుడ్తె 2,200 వస్తది, ఫీజు ఆటో కలిపి 3,133 పోతది, నష్టమే. రోజుకు రెండు ఎక్కువ కుట్టేటంత గిరాకీ నిజంగ ఉంటె 4,400 వస్తది, అప్పుడు 1,267 లాభం. గిరాకీ ఉన్నదా లేదా అనేది మీకే తెలుసు, పెండ్లిళ్ల సీజన్ చూసి చెప్పొద్దు, ఆషాఢం చూసి చెప్పుండ్రి. అయితె దానికంటె ముందు మీ వాడకట్టుల అంగన్‌వాడీకి ఒక రోజు పోయి గంటసేపు కూసోండ్రి. 1975 నుంచి నడుస్తున్న పథకం, మూడు నుంచి ఆరేండ్ల పిల్లలకు ఆటలు, పాటలు, వేడి అన్నం, గుడ్డు, ఫీజు సున్న. అన్ని సెంటర్లు ఒక్క తీరు ఉండయి, కొన్నిట్ల టీచర్ ప్రాణం పెట్టి చెప్తది, కొన్నిట్ల అన్నం పెట్టి పంపుడే. అందుకే చూసి రమ్మంటున్న. బాగుంటె మీకు కుట్టుకునే టైమూ దొరుకుతది, 3,133 ఇంట్లనే ఉంటది.

ఇగ ఆ మిగిలే 3,100 ఏం చెయ్యాలె. ఒక 1,500 వేరే ఖాతాల, అత్యవసరానికి, దాన్ని ముట్టొద్దు. చిట్టి ఇంకా ఎనిమిది నెలలే ఉన్నదన్నరు, 60 వేల చిట్టి, అయిదు శాతం కమిషన్, ఆఖరి దాక ఆగితె 57 వేలు చేతికొస్తది, అది కూడ ఆ అత్యవసరం ఖాతాలనే వెయ్యుండ్రి. అత్యవసరానికి మీ నెల ఖర్చుకు మూడింతలు, అంటె 87 వేలు కావాలె, అప్పటికి నెలకు 1,500 చొప్పున మీరు దాచిన 12 వేలు కలిపి 69 వేలు దాటుతది. చిట్టి మధ్యల ఆపితె ఆ పైసలు అక్కడ్నే ఇరుక్కుంటయి, అదీ నా భయం.

ఒక వెయ్యి పాప పేరు మీద సుకన్య సమృద్ధి, అది ఆడపిల్లలకు సర్కారు పెట్టిన పొదుపు ఖాతా, పోస్టాఫీసుల పాప బర్త్ సర్టిఫికెట్, మీ ఆధార్, పాన్, ఫోటోలు పట్టుకపోతె తెరుస్తరు. ఏడాదికి కనీసం 250, ఎక్కువలెక్కువ లక్షన్నర, 15 ఏండ్లు కడ్తె చాలు, ఖాతా తెరిచిన 21 ఏండ్లకు పూర్తయితది. చానమంది పాపకు 21 ఏండ్లు నిండినప్పుడు అనుకుంటరు, కాదు, తెరిచిన రోజు నుంచి లెక్క. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి సర్కారు మార్చొచ్చు, ఇదే రేటు ఉంటె నెలకు వెయ్యి చొప్పున మీరు కట్టే 1,80,000 అయిదున్నర లక్షల దాకా అయితది. పాపకు 18 నిండినంకనో పది పాసైనంకనో చదువుకు సగం దాకా తీసుకోవచ్చు. కాలేజీ ఫీజు కట్టే రోజు ఒకటి ఉన్నది కదా, పైసలు అక్కడ కావాలె.

ఒక మూడొందలు ఆటలకు. మొద్దు మూతి కత్తెర, గమ్ము, క్రేయాన్లు, సుద్దముక్కలు. ప్రతి నెల అంత పట్టదు, మిగిలితె బతుకమ్మకు దాపెట్టుండ్రి, గునుగు, తంగేడు, బంతి వరుసలు పేర్చుడు కూడ పాపతోనే చేయించుండ్రి. ఇంకో మూడొందలు ఉత్తగ ఉండనియ్యుండ్రి, ఏదో ఒకటి వస్తనే ఉంటది.

ఆ ఏజెంటుకు ఇచ్చిన వెయ్యి వాపస్ అడగుండ్రి, రసీదు ఇచ్చిండా లేదా చూసుకోండ్రి, వాట్సాప్‌ల "నాకు వద్దు, నా అడ్వాన్స్ ఇయ్యుండ్రి" అని రాత మీద పెట్టుండ్రి. ఇస్తె అది సుకన్యల మొదటి నెల. ఇయ్యకుంటె వెయ్యి పాయె అనుకోవాలె గని, దాన్ని చూపెట్టి ఇంకో 23 వేలకు సంతకం పెట్టమంటడు, ఖాతాలకెళ్లి నెలనెలా పైసలు వాటంతటవే కట్టయ్యే ఆటో డెబిట్‌కు ఓటీపీ చెప్పమంటడు, అది మాత్రం చెప్పకుండ్రి.