పాఠకుల ప్రశ్నలు: 'అమేలీ' సంగీతం వెనక మనిషి

ప్రశ్న: ఈమధ్యే 'అమేలీ' అనే ఫ్రెంచ్ సినిమా చూశాను. ఆ అకార్డియన్ ఇంకా చెవుల్లోనే ఉంది. సంగీతం యాన్ టియర్సన్ అని తెలిసి ఆయన మిగతా సినిమాల కోసం వెతికితే పెద్దగా ఏమీ దొరకలేదు. అంత పేరొచ్చాక కూడా ఎందుకు చెయ్యలేదు?
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: సినిమాలు వదిలేసి ఆయన ఆల్బమ్‌లు వెతకండి, బోలెడు దొరుకుతాయి. అసలు మీకు అంతగా నచ్చిన సంగీతంలో చాలా భాగం ఆ సినిమా కోసం కట్టింది కాదు. దర్శకుడు జాఁ-పియేర్ జునేకి ఒక అసిస్టెంట్ ద్వారా టియర్సన్ సంగీతం తెలిసింది. విన్నాక ఆయన ఆగలేక అప్పటిదాకా వచ్చిన ఆల్బమ్‌లన్నీ కొనుక్కున్నాడు. 1995లో వచ్చిన 'లా వాల్స్ దే మోన్‌స్త్ర్', 1996 నాటి 'ర్యూ దే కస్కాద్', 1998 నాటి 'ల ఫార్' నుంచి కొన్ని తీసుకుని, టియర్సన్ కొత్తగా రాసిచ్చినవి కొన్ని కలిపితే 2001లో ఆ సౌండ్‌ట్రాక్ తయారైంది. మన దగ్గర దర్శకుడు సందర్భం చెప్పాక సిట్టింగ్‌లో ట్యూన్ కడతారు కదా, ఇక్కడ ట్యూన్లు ఏళ్ళ ముందు నుంచే ఉన్నాయి.

ఆ సంగీతానికి టియర్సన్‌కి ఫ్రాన్స్‌లో సెజార్ అనే సినిమా అవార్డు వచ్చింది. 2003లో జర్మన్ సినిమా 'గుడ్‌బై లెనిన్'కి, 2008లో ఎరిక్ తబార్లీ అనే నావికుడి మీద తీసిన డాక్యుమెంటరీకి సంగీతం ఇచ్చాడు. కానీ తను సినిమా సంగీత దర్శకుణ్ణి కానని ఇంటర్వ్యూల్లో చెబుతూనే ఉంటాడు, ఆ మాట నమ్మాలి. ఈయన్ని ప్యారిస్ కాఫీ హోటళ్ళ అకార్డియన్‌కి గుర్తుగా చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఈయన ప్యారిస్ మనిషే కాదు, ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ ప్రాంతంలో, సముద్రం ఒడ్డున బ్రెస్ట్ ఊళ్ళో 1970లో పుట్టి, రెన్ నగరంలో రాక్ కచేరీలు వింటూ పెరిగినవాడు. 2010లో వచ్చిన 'డస్ట్ లేన్' వినండి, గిటార్ల హోరులో మీ అమేలీ ఎక్కడా కనిపించదు.

నన్నడిగితే మొదట వినాల్సింది 'ల ఫార్'. ఆ పేరుకి లైట్‌హౌస్ అని అర్థం. బ్రిటనీకి పడమట ఊయెసాఁ అనే చిన్న దీవి ఉంది, అక్కడ ఉండి చేసిన ఆల్బమ్ అది. తర్వాత ఆయన ఆ దీవిలోనే స్థిరపడిపోయాడు. 2016లో 'యూసా' అని, దీవిలోని పది చోట్లకి పది పియానో రచనలు చేశాడు (బ్రిటనీ వాళ్ళ బ్రెటన్ భాషలో దీవికి అదే పేరు). మూతపడిన ఒక డిస్కోథెక్‌ని స్టూడియోగా మార్చుకుని 2019లో 'ఆల్' ఆల్బమ్ అక్కడే రికార్డ్ చేశాడు. ఆ దీవి జోలికి పోకుండా ఈయన సంగీతం సగమే అర్థమవుతుందని నా గట్టి నమ్మకం.

ప్రశ్న: పియానో, వయొలిన్, అకార్డియన్ అన్నీ టియర్సన్ ఒక్కడే వాయిస్తాడా? ఎలా సాధ్యం?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చాలావరకు ఒక్కడే, ఒకదాని తర్వాత ఒకటి రికార్డ్ చేసి ట్రాకులు కలుపుతాడు. నాలుగేళ్ళకి పియానో, ఆరేళ్ళకి వయొలిన్ మొదలుపెట్టిన పిల్లాడు పదమూడేళ్ళకి ఆ వయొలిన్‌ని విరగ్గొట్టి, గిటార్ కొనుక్కుని రాక్ బ్యాండ్ పెట్టాడు! బ్యాండ్ విడిపోయాక ఒంటరిగా శాంప్లర్ (ధ్వనుల ముక్కలు దాచుకుని తిరిగి పలికించే యంత్రం), డ్రమ్ మెషిన్‌తో పని చేసుకుంటూ, పాత రికార్డుల్లోంచి తీగ వాద్యాల ధ్వనులు ఏరుకుంటున్నప్పుడు, ఇవి నేనే వాయించొచ్చు కదా అనిపించింది. 1993 వేసవంతా ఇంట్లోనే కూర్చుని గిటార్, వయొలిన్, అకార్డియన్‌తో నలభైకి పైగా ట్రాకులు రికార్డ్ చేశాడు. మొదటి రెండు ఆల్బమ్‌లలో ఎక్కువ భాగం అవే. బొమ్మ పియానో, బాంజో, వైబ్రాఫోన్ కూడా వాడతాడు. అమేలీ ఆల్బమ్‌లో 'లా దిస్పూత్' అనే ట్రాక్ చివర వినిపించేది సైకిల్ చక్రం, ఈసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ప్రశ్న: మా పాప కీబోర్డ్ నేర్చుకుంటోంది. అమేలీలోని ఆ పియానో ముక్క వాయించాలని పట్టుబట్టింది. తొందరపడుతోందా?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: లేదండీ, నేర్పించండి. దాని పేరు 'కాంప్టీన్ దన్ ఓత్ర్ ఎతే', రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. ఎడమ చేతికి ఈ మైనర్, జీ, బీ మైనర్, డీ అనే నాలుగు కార్డులే (కలిపి పలికే స్వరాల గుంపులు) విడివిడి స్వరాలుగా తిరుగుతూ ఉంటాయి. కొన్నాళ్ళు ఎడమ చెయ్యి ఒక్కటే, చాలా నెమ్మదిగా వాయించమనండి. అది చూడకుండా నడిచే దాకా కుడి చెయ్యి కలపొద్దు, ఎందుకంటే మధ్యలో కుడి చేతి స్వరాలు రెట్టింపు వేగం అందుకుంటాయి, అక్కడే అందరికీ ఎడమ చెయ్యి తడబడుతుంది. మీ కీబోర్డ్‌లో మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలికే సదుపాయం ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే పాప సరిగ్గా వాయించినా ఆ మెత్తదనం రాదు, తప్పు తనదనుకుని వదిలేస్తుంది.