48 గంటల్లో గేమ్: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా యూనివర్సిటీలో శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రం ముగిసే గేమ్ తయారీ పోటీ ఉంది. థీమ్ అప్పటికప్పుడు చెబుతారట. మేం నలుగురం: ఇద్దరు కోడింగ్, ఒకరు బొమ్మలు, ఒకరు సంగీతం. టైమ్ ఎలా పంచుకోవాలి?

జవాబు: చేతిలో 48 గంటలున్నాయని అనుకోకండి. రెండు రాత్రుల నిద్రకు 14 గంటలు, తిండికీ విరామాలకూ 6, చివర్లో పరీక్షించి అప్‌లోడ్ చేయడానికి 3 తీసేస్తే మిగిలేవి 25. నిద్ర మాత్రం తగ్గించుకోవద్దు. నిద్రలేని కళ్లతో రాసిన కోడ్‌లో తప్పులు వెతకడానికే ఆదివారమంతా పోతుంది.

థీమ్ వినగానే తట్టే ఆలోచన చాలా టీములకు తడుతుంది. దాన్ని పక్కనపెట్టి, గంటన్నరలో మరొకటి తేల్చుకోండి. ఆటగాడు పదే పదే చేసే పని ఒక్కటే ఉండాలి: దూకడమో, దాక్కోవడమో, లాగి వదలడమో. ఆ ఒక్క పనీ రంగు చతురస్రాలతో శుక్రవారం రాత్రికే కదలాలి. శనివారం మధ్యాహ్నం పక్క టీమ్‌వాళ్ల చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా చూస్తూ ఉండండి. ఎక్కడ ఆగిపోతారో మీ మొదటి లెవెల్‌ను అక్కడే సరిచేయాలి. చతురస్రాలతో ఆడినప్పుడు మజా రాకపోతే ఎంత మంచి బొమ్మలు వేసినా రాదు.

బొమ్మలు వేసేవారు అంతవరకు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. పాత్ర సైజు, ఉదాహరణకు 32 పిక్సెళ్లని, ముందే ఒప్పుకుంటే తర్వాత చతురస్రం తీసి బొమ్మ పెట్టడం నిమిషాల పని. శనివారం రాత్రి తర్వాత కొత్త ఫీచర్ ఎవరు అడిగినా వద్దనండి. లెవెళ్లు మూడు చాలు.

ప్రశ్న: గోడో అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మా గేమ్ ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది. బ్రౌజర్‌లో పెడితే కొన్ని బొమ్మలు మాయం, శబ్దం లేదు. స్నేహితుడి కంప్యూటర్‌లో పాత్ర మరీ వేగంగా పరిగెత్తింది. ఎందుకిలా?

జవాబు: మూడింటికీ కారణాలు వేరు. విండోస్ ఫైల్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా పట్టించుకోదు. ఎక్స్‌పోర్ట్ చేసిన (ఆడేవారికి ఇచ్చేందుకు బయటికి తీసిన) గేమ్ పట్టించుకుంటుంది. ఫైల్ పేరు పెద్ద 'పి'తో ఉండి, కోడ్‌లో చిన్న 'పి' రాస్తే ఆ బొమ్మ దొరకదు. మొదటి నుంచీ పేర్లన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి.

ఇక శబ్దం సంగతి. ఆడేవారు క్లిక్ చేసేదాకా, లేదా ఏదైనా కీ నొక్కేదాకా బ్రౌజర్లు ఆడియోను ఆపి ఉంచుతాయి. ముందు 'ప్రారంభించు' బటన్ పెట్టి, అది నొక్కాక సంగీతం మొదలుపెట్టండి.

పాత్రను ప్రతి ఫ్రేమ్‌కూ ఇన్ని పిక్సెళ్లని జరిపితే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు చూపే) తెర మీదకన్నా 144 హెర్ట్జ్ తెర మీద 2.4 రెట్లు వేగంగా పోతుంది. వేగాన్ని సెకనుకు ఇన్ని పిక్సెళ్లని పెట్టుకుని, దాన్ని డెల్టాతో (గత ఫ్రేమ్ నుంచి గడిచిన సమయంతో) గుణించాలి. అయితే పాత్రను జరిపే గోడో ఫంక్షన్ 'మూవ్ అండ్ స్లైడ్' వాడితే వెలాసిటీని (వేగాన్ని) గుణించవద్దు. ఆ ఫంక్షన్ డెల్టాను తనే లెక్కేసుకుంటుంది. మళ్లీ గుణిస్తే పాత్ర నత్తనడక నడుస్తుంది.

వెబ్ ఎక్స్‌పోర్ట్‌లో థ్రెడ్ సపోర్ట్ (ఒకేసారి పలు పనులు నడిపే వీలు) ఆన్‌లో ఉంటే సర్వర్ ప్రత్యేక హెడర్లు (బ్రౌజర్‌కు ఇచ్చే అదనపు సూచనలు) పంపాలి, లేకపోతే గేమ్ తెరుచుకోదు. గోడో 4.3 నుంచి దాన్ని ఆఫ్ చేసుకోవచ్చు. అప్‌లోడ్ చేసే జిప్ ఫైల్‌లో 'ఇండెక్స్' పేజీ లోపలి ఫోల్డర్‌లో కాకుండా పైనే ఉండాలి. ఇవన్నీ ఆదివారం సాయంత్రం బయటపడితే చేయగలిగేది ఏమీ ఉండదు. అందుకే గట్టిగా చెబుతున్నాం: చతురస్రం కదలగానే, శుక్రవారం రాత్రే ఒకసారి ఎక్స్‌పోర్ట్ చేసి అప్‌లోడ్ చేసి చూడండి.

ప్రశ్న: కోడ్ మార్పులను దాచి పంచుకునే గిట్‌లో ఇద్దరం ఒకే సీన్ (ఆటలోని ఒక భాగం ఉండే ఫైల్) మార్చాం, కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది, అంటే మార్పులు ఢీకొన్నాయి. ఎలా తప్పించుకోవాలి?

జవాబు: ఒక సీన్‌ను ఒక సమయంలో ఒక్కరే తెరవాలి. పాత్ర, శత్రువు, మెనూ వేర్వేరు సీన్లుగా ఉంటే ఎవరి పని వారు చేసుకోవచ్చు. గిట్ ప్రాజెక్టులు దాచే సైట్ గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైల్‌ను తీసుకోదు కాబట్టి సంగీతాన్ని పెద్ద ఫైలయ్యే వేవ్‌గా కాకుండా చిన్నగా ఉండే ఓజీజీగా మార్చి పెట్టండి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మలు, శబ్దాలు వాడొచ్చా?

జవాబు: పోటీ నియమాలు చూసుకోండి. లూడమ్ డేర్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారీ పోటీనే తీసుకుంటే, 48 గంటల కాంపో విభాగంలో అన్నీ ఒక్కరే, ఆ సమయంలోనే తయారుచేయాలి. 72 గంటల జామ్ విభాగంలో టీమ్‌గా చేయొచ్చు. మీ పోటీ అనుమతిస్తే సీసీ0 లైసెన్స్ (తయారుచేసినవారు హక్కులు వదిలేసినట్టు చెప్పేది) ఉన్నవి వెతకండి, వాటికి పేరు పేర్కొనడం తప్పనిసరి కాదు. సీసీ బై లైసెన్స్ అయితే తయారుచేసినవారి పేరు క్రెడిట్స్‌లో ఉండాలి. డౌన్‌లోడ్ చేసిన నిమిషంలోనే పేరు, లింకు, లైసెన్స్ ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసిపెట్టుకోండి. ఆదివారం కూర్చుని ఏది ఎక్కడిదో వెతకడం చాలా కష్టం.