పొద్దున్నే నోరు పెగలదు

ప్రశ్న: మావారు అయిదింటికే లేచి, లేస్తూనే ఆ రోజు పనులన్నీ ఏకరువు పెడతారు. నాకేమో లేచాక అరగంట దాకా నోరు పెగలదు. అది బద్ధకమంటారు. నేను మారాలా?

జవాబు: బద్ధకమన్న మాటను ముందు మనసులోంచి తీసెయ్యండమ్మా. నిద్ర లేచాక మెదడు తేరుకోవడానికి చాలామందికి పావుగంట నుంచి అరగంట పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువే. ఎవరు ఏ వేళ చురుగ్గా ఉంటారన్నది కొంతవరకు జన్యువుల్లోనే ఉంది. ఒంట్లోని ఈ గడియారం గుట్టు విప్పినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ వచ్చింది. పద్ధతిగా పనిచేసే స్వభావం ఉన్నవాళ్లు ఎక్కువగా వేకువనే లేస్తారన్నది నిజమే. అంతమాత్రాన ఆలస్యంగా తేరుకునేవాళ్లు పనిదొంగలు కారు.

మా అక్కా నేనూ ఒకే గదిలో పెరిగాం. తను రాత్రే బట్టలు మడతపెట్టి కుర్చీ మీద పెట్టుకునేది, వాటి పైన దువ్వెన. నేను గుమ్మంలో ఒక చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం వెతుక్కునేదాన్ని. 'అక్కను చూసి నేర్చుకో' అనేవారు. ఆ మాట నన్ను ఒక్క నిమిషం కూడా ముందు లేపలేదు, ఏడిపించింది.

మీవారిని పనుల జాబితా కాగితం మీద రాసిపెట్టమనండి. మీరు లేవగానే కిటికీ తెర తీసి కాసేపు వెలుతురులో కూర్చోండి. పొద్దుటి వెలుతురు ఒంటి గడియారాన్ని కాస్త ముందుకు జరుపుతుంది. ఈ సంగతి ఆయనతో పొద్దున కాదు, సాయంత్రం ఎత్తండి.