మీ చేతులకు నూనె, పాపకు చన్నీళ్లు

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి సీజనులో యార్డు దగ్గరి గోదాములో ముచ్చికలు తీసి, తాలుకాయలు ఏరే పనికి వెళ్తుంటాను. ఇంటికి వచ్చేసరికి చేతులు భగభగ మండుతుంటాయి. వేళ్ల సందుల్లోనూ మణికట్టు దగ్గరా చర్మం ఎర్రబడి పగులుతోంది. మా అత్తయ్యగారు నిమ్మచెక్క రుద్దమంటారు. పక్కింటివారు పసుపు, వేపాకు నూరి పట్టించమంటున్నారు. ఎండలు ముదిరాక రెండేళ్ల మా పాపకు మెడ మీద, వీపు మీద చెమటకాయలు పేలాయి. ఇంట్లో ఉన్నవాటితోనే ఇద్దరికీ తగ్గే దారి చెప్పగలరు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఇంట్లో ఉన్నవాటితోనే చాలావరకు తగ్గుతుంది. అయితే మీ చేతులకు మేలు చేసే కొబ్బరినూనె మీ పాప వీపుకు కీడు చేస్తుంది కాబట్టి, రెండింటినీ విడివిడిగా చూడాలి.

మిరపకాయలో గింజలను పట్టి ఉంచే తెల్లటి భాగంలో క్యాప్సైసిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. కాయ చిట్లినప్పుడు, పొడి రాలినప్పుడు అది చేతులకు అంటుకుంటుంది. అది నూనెలో కరుగుతుంది గానీ నీళ్లలో దాదాపు కరగదు. అందుకే చేతులు చన్నీళ్లలో పెట్టినంతసేపూ హాయిగా ఉండి, తీయగానే మంట మళ్లీ మొదలవుతుంది. ఇక వేడినీళ్ల మాటే తలపెట్టకండి. సుమారు 43 డిగ్రీల వేడి తగిలినప్పుడు స్పందించే నాడీ గ్రాహకాన్నే, అంటే నాడుల్లో వేడిని పసిగట్టే భాగాన్నే, క్యాప్సైసిన్ కూడా మేల్కొలుపుతుందని శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో కనుగొంది. 2021లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి ఈ పరిశోధనే మూలం. మంట మీద వేడినీళ్లు పోస్తే ఆ గ్రాహకాన్ని రెండోసారి రెచ్చగొట్టినట్లే.

పని కాగానే పొడిగుడ్డతో చేతులు దులిపి తుడుచుకుని, వేరుశనగనూనో కొబ్బరినూనో తీసుకుని వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ రెండు మూడు నిమిషాలు మెల్లగా పట్టించండి. ఆ నూనెను పాతగుడ్డతో పూర్తిగా తుడిచేశాకే సబ్బు, చన్నీళ్లు వాడండి. మంట మిగిలి ఉంటే మళ్లీ ఇదే వరుసలో చేయండి. కడుక్కున్నాక తడి పూర్తిగా ఆరకముందే పల్చగా కొబ్బరినూనె రాస్తే పగుళ్లు మెత్తబడతాయి. కంట్లో కారం పడితే మాత్రం నూనె పనికిరాదు, ధారగా మంచినీళ్లే పోయాలి.

నిమ్మచెక్క విషయంలో పెద్దవారి మాట ఈసారికి పక్కన పెట్టక తప్పదు. నిమ్మరసం ఆమ్లం కాబట్టి పగిలిన చర్మాన్ని ఇంకా కోస్తుంది. పైగా అది అంటిన చేతులు ఎండలో పడితే బొబ్బలు లేచి, నెలల తరబడి పోని నల్లమచ్చలు మిగలవచ్చు. పసుపు కూడా కొందరికి పడదు. పచ్చి వేపాకు ముద్ద పగుళ్ల మీద పెడితే మంట పెరగవచ్చు. చెట్టు నుంచి వచ్చిందల్లా చర్మానికి సాధువైతే, మొక్కకే కాసే మిరపకాయ మిమ్మల్ని ఇంత ఏడిపించేది కాదు గదా! వంటసోడా క్షారం కాబట్టి అదీ వద్దు. కలబంద వాడదలిస్తే, కోసిన మట్టను కాసేపు నిలువుగా ఉంచి పసుపుపచ్చటి జిగురు కారిపోయాక, లోపలి తెల్లటి గుజ్జును ముందు మోచేతి మడతలో కాస్త రాసి, ఒకరోజు చూసి వాడండి.

పనిలోకి దిగేముందు ఉంగరాలు, గాజులు తీసేయండి. వాటి కిందే కారం నిలుస్తుంది, మీ మణికట్టు దగ్గర ఎరుపుకు అదీ ఒక కారణం కావచ్చు. పల్చటి రబ్బరు తొడుగులకన్నా నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు తొడుగులు మేలు. లోపల చెమట పట్టినప్పుడల్లా తీసి ఆరబెట్టుకోవాలి.

ఇక పాప సంగతి. చెమట బయటికి వచ్చే సన్నటి నాళాలు మూసుకుపోయి, చెమట చర్మం లోపలే చిక్కుకోవడం వల్ల చెమటకాయలు పేలుతాయి. నూనె మర్దన, దట్టంగా చల్లే పౌడరు ఆ దారులను ఇంకా మూసేస్తాయి. పౌడరు పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. చెమటకాయలు తగ్గేవరకు రెండు పూటలా చల్లటి నీళ్లతో స్నానం చేయించి, మెడ మడతల్లో అద్ది ఆరబెట్టి, వదులు నూలు చొక్కా వేసి, గాలి ఆడేచోట పడుకోబెట్టండి. ఒళ్లు చల్లబడితే కొద్దిరోజుల్లో వాటంతటవే అణుగుతాయి. దురద ఎక్కువైతే కాలమైన్ లోషన్ పల్చగా రాయవచ్చు. మీరు గోదాము నుంచి వచ్చి చీర మార్చకుండా పాపను ఎత్తుకుంటున్నారేమో కూడా గమనించండి. ఆ బట్టల కారం పాప మెడకు అంటితే మంట పుట్టక మానదు. పనిబట్టలు విడిగా ఉతకండి.

మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే దురద ట్యూబుల్లో స్టెరాయిడ్ కలిసినవి చాలా ఉంటాయి. తామర మీద అవి రాస్తే పైకి తగ్గినట్లు కనిపించి లోలోపల పాకుతుంది. గుండ్రంగా అంచులు కట్టిన మచ్చలు వచ్చినా, చీము పట్టినా, పాపకు జ్వరం తగిలినా, రెండు వారాలకూ మీ చేతులు మానకపోయినా ప్రభుత్వ సర్వజనాసుపత్రిలోని చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. అప్పటిదాకా రాసినవన్నీ, ఖాళీ ట్యూబులతో సహా, వెంట పట్టుకెళ్లండి.